డిష్ మొహానికి గంధం

ఆ రోజుల్లో ఏ కబురైనా టైలరు పిన్ని మోసుకొస్తేనే మా ఇంటికి వచ్చినట్టు. ద్రాక్షారామం దాటాక కాలవ గట్టు మీద ఉన్నవి రెండే ఇళ్ళు, ఒకటి మాది, రెండోది మిషను కుట్టుకునే ఆ పిన్నిది. కేబులు వైరు ఊళ్ళోనే ఆగిపోయింది. మా డాబా మీద పాత యాంటెన్నా ఒకటి ఉండేది గానీ కోతులు దాన్ని పట్టుకుని ఊగి ఊగి విరిచేశాయి. (విరిచినవాళ్ళు హనుమంతుడి తాలూకు కనక మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.) అలా మా టీవీ ఆరు నెలలుగా ముసుగేసుకుని కూర్చున్న సమయంలో, ఒక ఉదయం పిన్ని మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చి, "ఏమండోయ్ వదినగారూ, డిష్ అని కొత్తగా వస్తోందంటండీ. కేబులూ అక్కర్లేదు, యాంటెన్నా అక్కర్లేదు. భద్రాద్రి రాములవారి కల్యాణం నట్టింట్లో కూర్చుని చూడొచ్చంట!" అంది. అమ్మ కంటే ముందు లోపలి మంచం మీంచి మామ్మ, "ఏంటీ, మళ్ళీ చెప్పు" అంది.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. చిన్నప్పుడు ఉబ్బసంతో నేను బడి మెట్లెక్కలేకపోతే, బియ్యం పళ్ళెంలో నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఈ నాలుగు ముక్కలు మీరు చదువుతున్నారంటే ఆ పళ్ళెం పుణ్యమే. ఏటా నవమికి బస్సెక్కి భద్రాచలం వెళ్ళొచ్చే మనిషి, ఆ ఏడు తుంటి ఎముక విరిగి మంచాన పడింది. అయినా ఊరుకోలేదు. కల్యాణం తలంబ్రాల కోసం భక్తులు ధాన్యం ఇంటింటికీ పంచుతారు కదా, దాన్ని దంచకూడదు, మర ఆడించకూడదు, ఒక్కో గింజా గోటితోనే ఒలవాలి. మామ్మ దిండుకి ఆనుకుని, గింజకొక రామనామం చొప్పున రెండు నెలలు ఒలిచింది. కుడి బొటనవేలి గోరు చీలింది. శేరు పైన బియ్యం మూటగట్టి పంపించింది. ఇప్పుడు ఆవిడకి ఒకటే కోరిక. ఆ గింజలు సీతారాముల తల మీద పడుతుంటే చూడాలి.

నవమి ఇంకా రెండు రోజులుందనగా నాన్నగారు రామచంద్రపురం వెళ్ళి డిష్ తెచ్చారు. బిగించే మనిషికి మాత్రం తీరిక లేదు, ఇంకా పది ఇళ్ళున్నాయట, నవమి సాయంత్రానికి గానీ రాలేడట. సాయంత్రం వస్తే ఏం లాభం? కల్యాణం మిట్టమధ్యాహ్నం కదా! అప్పుడు మా బాబాయ్ లేచాడు. బాబాయ్ విప్పలేని వస్తువంటూ లేదు, రేడియో, మిక్సీ, నీళ్ళ మోటారు, అన్నీ విప్పుతాడు. మళ్ళీ బిగించడం దగ్గరే కాస్త ఆలస్యం. "దీనికో మనిషి కూడానా అన్నయ్యా? గొడుగు తిరగేసి పెట్టినట్టే కదా! రేపీపాటికి అమ్మకి సినిమాలు కూడా చూపిస్తాను" అన్నాడు.

అష్టమి నాడు పొద్దున్నే పిట్టగోడ మీద మేకులు దిగాయి, డిష్ నిలబడింది. కొత్త వస్తువు ఇంట్లోకొస్తే ఊరికే వాడేయడం మాకు అలవాటు లేదు. నేను స్నానం చేసి పళ్ళెం పట్టుకుని డాబా ఎక్కాను. డిష్‌కి ముందు నుంచి ఒక కడ్డీ పొడుచుకొచ్చి, దాని చివర తెల్లగా, గుండ్రంగా, అచ్చం మొహంలా ఉంది. మొహం ఉన్నాక బొట్టు లేకుండా ఎలా? పసుపూ గంధం కలిపి చక్కగా అలికి, నడుమ కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని దిగాను.

ఆ తరవాత మొదలయ్యాయి మా తిప్పలు. బాబాయ్ డాబా మీద డిష్ వెనక నిలబడి తిప్పుతాడు. అమ్మ కింద టీవీ ముందు కూర్చుని చెబుతుంది. ఆ మాటలు ఇటునించటూ అటునించిటూ చేరవేస్తూ మెట్ల మధ్యలో నేను.

"వచ్చిందా?"

"రాలేదు బాబాయ్!"

"ఇప్పుడో?"

అమ్మ కింద నించి ఏదో అంది. "పోయిందంట!"

"రానిది ఎలా పోయిందే తల్లీ? సరిగ్గా విని చెప్పు!"

"సిగ్నలు గీత ఒకటి ఇంతెత్తున లేచి మళ్ళీ పడుకుందంట!"

ఎండ నెత్తికెక్కింది. బాబాయ్ మజ్జిగకని కిందికి దిగినప్పుడల్లా నేను పైకి వెళ్ళేదాన్ని. దేవుడికి ఏదో లోటు జరిగిందని నా అనుమానం. "స్వామీ, మామ్మ కోసం" అనుకుంటూ మరో పూత గంధం పెట్టేదాన్ని. అది ఆరకముందే ఇంకోటి. సాయంత్రానికి ఆ మొహం మీద గంధం గుమ్మడి వడియమంత మందాన పేరుకుంది. నేను మొక్కినకొద్దీ కింద ఆ గీత ఇంకా కిందికి పోయింది. (బాబాయ్ చూడలేదా అంటారేమో. మా ఇంట్లో గడపకీ పసుపే, గ్యాసుబండకీ పసుపే, మోటారుకీ పసుపే. ఆయన కంటికి పసుపు ఆనడం మానేసి చాలా ఏళ్ళయింది.)

చీకటి పడుతుండగా బాబాయ్ దిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కాళ్ళు కడుక్కున్నాడు. మామ్మ పిలిచి, "పోన్లేరా నాన్నా, కళ్ళు మూసుకుంటే కనపడడా ఏంటి రాముడు" అంది. అని, చీలిన ఆ గోటిని చీర కొంగులో దాచుకుంది. నేను అది చూశాను. ఇక ఆగలేకపోయాను.

నవమి నాడు తెల్లారగానే ఎవరికీ చెప్పకుండా పిన్ని ఇంటికి పోయి, డిష్ రసీదు మీదున్న నంబరు చూసి, ఆవిడ ఫోనులోంచి బిగించే ఆయనకి ఫోను చేశాను. పరాయి మగవారితో ఫోనులో మాట్లాడటం అదే మొదలు. "పది ఇళ్ళున్నాయమ్మా నాకు" అన్నారాయన. తలంబ్రాల సంగతి చెప్పాను. ఆయన, "గోటితోనేనా అండీ? ఒక్కో గింజా?" అని అడిగి, "వస్తానండి" అన్నారు.

పదకొండు కావస్తుండగా స్కూటరు మీద వచ్చారు. నలభై ఏళ్ళ మనిషి, మెడలో నల్లతాడుకి చిన్న సిలువ. బాబాయ్ గుమ్మంలోనే, "మేం నిన్నంతా చూశాం కదండీ, టీవీ పక్కన పెట్టిన ఆ పెట్టెలోనే ఉంది లోపం" అన్నాడు. ఆయన నవ్వి, చెప్పులు కిందే విడిచి డాబా ఎక్కారు. వెనకాలే నేను. డిష్ ముందుకొచ్చి ఆ మొహం చూసి ఆగిపోయారు. నన్ను చూశారు. నా చేతి వేళ్ళకి ఇంకా పసుపు వదల్లేదు.

"తరంగాలు వచ్చి పడేది ఇక్కడేనండి" అన్నారు మెల్లగా. "దీనికి ఇంత దళసరిగా దుప్పటి కప్పితే ఏం చూస్తుంది పాపం?"

నేను తల దించుకుని తుడవమన్నాను. ఆయన తన జేబులోంచి గుడ్డ తీసి, తడిపి, నా చేతికిచ్చారు. "మీరే తీయండమ్మా. మీరు భక్తితో పెట్టింది నేను తుడిచేయకూడదు." నేను తుడుస్తుంటే ఆయన వెనక మర ఒక నూలు మేర తిప్పారో లేదో, కింద అమ్మ కేక. "వచ్చిందర్రోయ్! ఎవరో గుత్తొంకాయ వండుతున్నారు!"

మెట్లు దిగుతుంటే బాబాయ్ ఎదురొచ్చి, "ఏంటండీ లోపం?" అన్నాడు. నేను ఆ గుడ్డ వెనక్కి దాచుకున్నాను. ఆయన, "ముందు భాగానికి కాస్త తేమ పట్టిందండి. దిక్కు మాత్రం తమరు సరిగ్గానే పెట్టారు" అన్నారు. రెండూ నిజమే. నా తప్పు మాత్రం అందులో ఎక్కడా లేదు.

కల్యాణం వేళకి మంచాన్ని టీవీ ఎదురుగా జరిపాం. తలంబ్రాలు దోసిళ్ళతో పోస్తున్నారు, ముత్యాలూ గింజలూ కలిసి జలజలా రాలుతున్నాయి. మామ్మ ఒక్కసారిగా లేచి కూర్చున్నంత పనిచేసి, "అవిగోనే, నావి!" అంది.

"అన్నిట్లో నీవేవో ఎలా తెలుస్తుందే అమ్మా?" అన్నాడు బాబాయ్.

"నేను ఒలిచినవి నాకు తెలీవుట్రా!"

డిష్ బిగించిన ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, తలంబ్రాలు అయ్యేదాకా చూసి, రెండు గ్లాసుల పానకం తాగి, మిగతా ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కల్యాణం ఫోనులోనే వస్తోంది. మామ్మ ఆ తరవాత మూడు నవములు చూసి, తృప్తిగా వెళ్ళిపోయింది. బాబాయ్ ఈనాటికీ ఎవరింట్లో డిష్ కనపడినా, "మాది నేనే పెట్టాను, తేమ పట్టబట్టి గానీ" అని మొదలుపెడతాడు. నేను తల వంచుకుని కూరలు తరుక్కుంటాను. ఇది చదివాక ఏమంటాడో! ఆనాటి ఆ పిచ్చి పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, భక్తంతా అరచేతిలో పెట్టుకుని, తన దేవుడికి తానే అడ్డం నిలబడిన పిల్లని. నవ్వుతో పాటు చిన్న వెలితి కూడా. ఆ హడావిడిలో ఆయన పేరు అడగలేదు. కనక మీకు నాదొక మనవి. ఈసారి నవమికి పానకం తాగేటప్పుడు, మెడలో సిలువ వేసుకుని మా మామ్మకి రాముడిని చూపించిన ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. పేరు లేకపోయినా ఫరవాలేదు, పైవాడికి తెలుసు.