అడిగానని చెప్పమన్నాడు

రాజ్యాల మధ్య నడిచిన రాయబారాల గురించి చరిత్రకారులు లావుపాటి పుస్తకాలు రాశారు. మా పదో తరగతి బి సెక్షన్ సభ్యుల మధ్య దశాబ్దాలుగా నడుస్తున్న రాయబారం గురించి మాత్రం ఇంతవరకు ఒక్క పేరా కూడా రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం. ఆ రాయబారాన్ని ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క మాటతో నడిపాడు. ఆ మాట "నిన్ను అడిగానని చెప్పమన్నాడు". ఆ మనిషి మా గెజిట్.

గెజిట్ అన్నది బళ్లో పెట్టిన పేరు. హెడ్మాస్టరు తీసుకోబోయే నిర్ణయాలు హెడ్మాస్టరు కంటే ముందు వీడికి తెలిసేవి. పెద్దయ్యాక లిఫ్టు మెకానిక్ అయ్యాడు. ఊళ్లో ఎత్తయిన భవనాల లిఫ్టులన్నీ వీడి చేతి కిందే. ఆ భవనాల్లోనే మా క్లాసువాళ్లు సగం మంది ఉద్యోగాలో వ్యాపారాలో వెలగబెడుతుంటారు. వాడు లిఫ్టుకు నూనె వెయ్యడానికి వచ్చేవాడో, మాకు వార్త వెయ్యడానికి వచ్చేవాడో చెప్పడం కష్టం.

నేను పనిచేసే బీమా ఆఫీసు ఐదో అంతస్తులో. నేనెక్కిన లిఫ్టులో గెజిట్ కూడా ఉన్నాడంటే అది మూడుకీ నాలుగుకీ మధ్య ఆగి తీరుతుందని లెక్క. కదులుతున్న లిఫ్టులో వార్త చెప్పడం వార్తకు అవమానమని వాడి నమ్మకం.

"ఒరే బీమా, పళ్ల డాక్టరు నిన్ను అడిగానని చెప్పమన్నాడు."

"సరేలే. లిఫ్టు వదులు, మా మేనేజరు వాచీ చూసుకుంటూ ఉంటాడు."

"చూసుకోనీ, వాచీ వాడిదేగా. ఫస్టు ర్యాంకు కూడా అడిగిందిరా నిన్ను."

అంతటితో నా తొందర దానంతటదే తగ్గిపోయేది. "ఏమని?"

"ఎలా ఉన్నాడు, ఇంకా అలాగే చమత్కారంగా మాట్లాడుతున్నాడా అని."

ఫస్టు ర్యాంకు ఇప్పుడు జడ్జి. బళ్లో ఉండగా ఆవిడ నావైపు చూసినట్టు దాఖలాలు లేవు. అలాంటి మనిషి ఇప్పుడు మాటిమాటికీ నన్ను అడుగుతోందంటే నాలో ఏదో ఉండే ఉంటుందనిపించేది. ఆ పూట ఫైళ్ల మీద నా సంతకం కాస్త వంపులు తిరిగేది.

గెజిట్ భార్య ఒకసారి కాఫీ ఇస్తూ నాతో అంది. "పెళ్లయిన కొత్తలో ఈయన ఏం ముచ్చట్లు చెబుతారా అని ఎదురుచూశాను అన్నయ్యా. మొదటి బెంచీతో మొదలుపెట్టారు. మీ బెంచీ దాకా వచ్చేసరికి మా పెద్దాడికి పళ్లొచ్చాయి."

"నా గురించి ఏం చెప్పాడమ్మా?"

"అప్పటికి నాకు నిద్ర పట్టేసింది అన్నయ్యా."

ఇంత క్లాసు పిచ్చి ఉన్నవాడు, అందరం ఫోన్లో ఓ గ్రూపు పెట్టుకుందామంటే మాత్రం చిన్నబుచ్చుకునేవాడు. "ఏం, నేను పోయాననుకున్నారా?" అనేవాడు. పోనీ ఓసారి అందరం కలుద్దామంటే ఎండలనేవాడు, వానలనేవాడు, పిల్లల పరీక్షలనేవాడు. మా పిల్లలకు పిల్లలు పుట్టాక కూడా పరీక్షలే అనేవాడు. అందరి కబుర్లూ మోసే మనిషి, అందరూ కలవడానికి అడ్డం పడటం ఏమిటో నాకు అంతుబట్టేది కాదు.

అంతుబట్టింది పళ్ల డాక్టరు కుర్చీలో, నోరు తెరుచుకుని ఉండగా.

ఈ డాక్టరుకీ, ప్రింటింగ్ ప్రెస్సు నడిపే మా క్లాసువాడికీ చాలా ఏళ్లుగా మాటల్లేవు. బళ్లో ఒకే బెంచీ, వానొస్తే ఒకే గొడుగు. పెద్దయ్యాక ఓ రోజు ప్రెస్సువాడు పంటి నొప్పితో వెళ్లాడు. డాక్టరు చిన్ననాటి కబుర్లలో పడి, పీకాల్సిన పన్ను వదిలేసి దాని పక్కదాన్ని పీకాడు. ప్రెస్సువాడు ఆ పన్నును జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. అంతే, మళ్లీ మొహాలు చూసుకోలేదు.

"ఆ ప్రెస్సుగాడు ఎప్పుడూ నన్ను అడుగుతూనే ఉంటాడటోయ్. గెజిట్ చెప్పాడు," అన్నాడు డాక్టరు నా నోట్లోకి అద్దం పెట్టి. "తప్పు చేసింది నేను, అడిగేది వాడు. నాకే మొహం చెల్లక, తిరిగి ఒక్కసారి కూడా అడగలేదు."

"ఆ," అన్నాను. నోటినిండా దూది ఉన్నవాడు అంతకు మించి మాట్లాడలేడు. కానీ అంతకు ముందు వారమే ప్రెస్సువాడు నాతో, "డాక్టరు నన్ను అడగని నెల లేదట. నేనే బెట్టు సడలించలేదు," అని గొప్పగా చెప్పుకున్నాడు.

మర్నాడు లిఫ్టును మూడుకీ నాలుగుకీ మధ్య నేనే ఆపించాను.

"డాక్టరు ప్రెస్సువాణ్ణి అడిగాడా?"

"లేదు."

"ప్రెస్సువాడు డాక్టరుని?"

"వాడూ లేదు."

"మరి అడిగారని ఇద్దరికీ ఎందుకు చెప్పావురా?"

గెజిట్ స్పానరు తుడుచుకున్నాడు. "అవతలివాడు అడగట్లేదని ఇద్దరూ మానేశారు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి గదా. ఇద్దరి తరపునా నేనే మొదలుపెట్టాను. నిన్ను ఫలానావాడు అడిగాడంటే చాలురా, ఎంత నీరసంగా ఉన్నవాడైనా లేచి గడ్డం గీసుకుంటాడు. నేను కళ్లారా చూశాను."

"ఇదంతా ఎప్పటికైనా బయటపడదా?"

"అందుకే గదా ఎవరినీ కలవనివ్వంది. కలిస్తే మొదటి మాటకే దొరికిపోతాను. ఆ తరవాత నేను ఏ గుమ్మం ఎక్కి ఏం చెప్పినా ఎవడు నమ్ముతాడు? క్లాసు పోతే నాకు మిగిలేవి ఈ లిఫ్టులేరా."

"మరి ఫస్టు ర్యాంకు నన్ను అడగడం?"

వాడు మీట నొక్కాడు. లిఫ్టు కదిలింది. అది అవునో కాదో తెలియలేదు గానీ, నేను మాత్రం అవుననే తీసుకున్నాను.

దెబ్బ వాడు ఊహించని వైపు నుంచి వచ్చింది. "ఇంతమంది ఇన్నేళ్లుగా నన్ను అడుగుతుంటే, ఒక్కసారైనా అందరినీ చూడకపోవడం మర్యాద కాదు," అంటూ జడ్జి తేదీ వేసేసింది. గెజిట్ ఎండలన్నాడు. "హాల్లో ఏసీ ఉంది," అంది. పరీక్షలన్నాడు. "ఎవరివి?" అంది. ఆ తీర్పు మీద అప్పీలుకు పై కోర్టు లేదు.

హాలు ఆరో అంతస్తులో. మేం వెళ్లేసరికి లిఫ్టు తలుపుకు "మరమ్మతులో ఉంది" అని అట్ట వేలాడుతోంది. గెజిట్ కనిపించలేదు. ఆ దస్తూరీ గుర్తుపట్టింది నేనొక్కణ్ణే.

కీళ్లు అరిగిన బి సెక్షన్ మెట్లెక్కడం మొదలుపెట్టింది. బళ్లో అందరికంటే ముందు పరిగెత్తినవాళ్లు అందరికంటే ముందు కూలబడ్డారు. నాలుగో అంతస్తు మలుపులో, ఆయాసంతో మెట్టు మీద చతికిలబడిన పళ్ల డాక్టరు పక్కనే, ఎవరో చూసుకోకుండా, ప్రెస్సువాడు వచ్చి కూలబడ్డాడు. చూసుకున్నాక లేచి వెళ్లిపోవాలని ఇద్దరికీ ఉంది. కాళ్లే ఒప్పుకోలేదు.

"అడుగుతున్నావట గదా నన్ను," అన్నాడు ప్రెస్సువాడు, ఊపిరి అందాక.

"నేనెక్కడ? నువ్వు గదా అడుగుతున్నది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకాల మెట్ల మీద క్లాసంతా నిలబడిపోయింది.

"ఆ చెడ్డ పన్ను ఏమైంది?" అన్నాడు డాక్టరు చివరికి.

"ఉంది. అటువైపు నమలడం మానేశాను."

"ఇంకెవరి దగ్గరా తీయించుకోలేదా?"

"నీ పని గదా అది," అన్నాడు ప్రెస్సువాడు.

నేను పక్కనుంచి తప్పుకుని మేడ మీది లిఫ్టు మోటారు గదికి వెళ్లాను. మోటారు పక్కన, డబ్బా మీద, కొత్త చొక్కా వేసుకుని గెజిట్ కూచున్నాడు.

"ఎదురుపడ్డారా?"

"పడ్డారు."

"కొట్టుకుంటున్నారా?"

"ప్రెస్సువాడు నోరు తెరిచాడు. డాక్టరు ఫోను లైటు వేసి లోపలికి చూస్తున్నాడు. పద."

హాల్లోకి వాణ్ణి దాదాపు ఈడ్చుకొచ్చాను. జడ్జి నిలబడి ఉంది. "గెజిట్, నువ్వు మోసిన కబుర్ల మీద విచారణ జరుగుతోంది," అని క్లాసు వైపు తిరిగింది. "ఒకర్నొకరు అడిగామని చెప్పమన్నది నిజమేనా?"

"నిజమే," అన్నాడు డాక్టరు.

"నేనైతే రోజూ," అన్నాడు ప్రెస్సువాడు, దవడ పట్టుకుని.

ఆ తరవాత అందరూ ఒప్పుకున్నారు. ఒక న్యాయమూర్తి ఎదుట ఇంతమంది పెద్దమనుషులు ఇంత ఏకగ్రీవంగా అబద్ధమాడటం నేనెన్నడూ చూడలేదు. "కేసు కొట్టేస్తున్నాను," అంది జడ్జి. గెజిట్ చొక్కా అంచుతో కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఇదే అదననుకుని, నేను జుట్టు సవరించుకుని ఆవిడ ముందుకు వెళ్లి, ఎప్పటినుంచో సిద్ధం చేసుకున్న చమత్కారం ఒకటి విసిరాను. ఆవిడ మర్యాదగా నవ్వి, గెజిట్‌ని పక్కకు పిలిచి చెవిలో ఏదో అంది. వాడు నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఒరే బీమా, ఫస్టు ర్యాంకు నిన్ను అడిగింది."

"ఏమని?"

"ఈయన ఎవరు అని."

అదొక్కటే వాడు కల్పించనిది.