చలికో వేణువు, ఎండకో వేణువు

మా బావ దగ్గర ఒకే శ్రుతికి రెండు వెదురు వేణువులుండేవి. ఒకటి చలికాలానికి, ఒకటి వేసవికి. స్కేలు పెట్టి కొలిస్తే వేసవిది కొంచెం పొడుగు.

"శ్రుతికి చలేటి బావా? స్వెట్టరు కూడా తొడుగుతావేటి?" అని నవ్వేవాణ్ణి.

బావంటే మా అక్క భర్త. టాటానగర్‌లో ఇంజన్ల షెడ్డు ఫిట్టరు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లో కాపురం. విజయనగరంలో కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చాడు. ఇక్కడొక బెంగాలీ మాస్టారి దగ్గర పొడవాటి హిందుస్తానీ వేణువూ పట్టాడు. మనవాళ్ళు ఇది మన పాట కాదన్నారు. బెంగాలీలు మద్రాసీ వాసనన్నారు. అతను మాత్రం యార్డులో షంటింగ్ ఇంజను కూతకు ఎదురు స్వరం కట్టేవాడు. పిచ్చన్నారు. అక్క ఒక్కతే, "పిచ్చయితే ఏటి? డ్యూటీకి టైముకే పోతన్నాడు కదా" అనేది.

నేను ఎనిమిదో తరగతితో ఆపేసినవాణ్ణి. గూడ్సు యార్డులో వ్యాగన్లు లెక్క రాసే పని. పాత పుస్తకాలు కొని వర్గమూలాలూ లాగరిథమ్‌లూ సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం ఉండేది.

ఒక చలికాలం బావ ఆదిత్యపూర్‌లోని చిన్న కార్ఖానా నుంచి స్టీలు గొట్టం తెచ్చాడు. వెదురులో దొరకని మంద్రం అందులో ఉందన్నాడు. వెదురుకైతే కాల్చిన చువ్వతో, చెవితో వింటూ, కొద్దికొద్దిగా రంధ్రం పెంచుకునేవాడు. స్టీలుకు ఆ వీలు లేదు.

"ఏరా, నీ లెక్కలు దీనికేటైనా పనికొత్తాయా?"

మూడు వారాలు లెక్క వేశాను. ఆ కొలతలకే కార్ఖానాలో రంధ్రాలు వేయించాం. జనవరిలో ఒక ఉదయం, పక్కింటి హార్మోనియంతో ప్రతి స్వరమూ కలిసింది. బావ నా భుజం తట్టాడు.

ఆ మేలో సిద్ధగోరాలో ఎంపిక జరిగింది. దేశమంతా తిరిగే నృత్య బృందానికి వేణువు మనిషి కావాలి. నెల జీతం. నలభై దాటితే తీసుకోరు. బావకు నలభై నిండడానికి నాలుగు నెలలుంది. దొరికితే షెడ్డు వదిలేసేవాడు.

బయల్దేరేటప్పుడు వెదురు వేణువుల సంచి కూడా భుజాన వేసుకున్నాడు.

"అదెందుకు బావా? నవ్వుతారు. లెక్క ఎండకూ చలికీ మారదు. స్టీలుదొక్కటి చాలు."

"అలవాటైనవి అట్టుకెళ్ళనీరా" అంది అక్క.

"నీకేటి తెలుసక్కా?"

బావ నా మొహం చూసి సంచిని మేకుకు తగిలించాడు.

రేకుల హాలు. మిట్టమధ్యాహ్నం. వాళ్ళ హార్మోనియం శ్రుతి పట్టింది. బావ మొదటి స్వరమే దాన్ని దాటి పైకి పోయింది. వేణువును పెదవి వైపు తిప్పి స్వరం దించబోయాడు. కింది స్వరాలు దిగాయి, పైవి చీలాయి.

"అరే భాయ్, సుర్ మే తో ఆవో" అన్నాడు ఎంపిక చేసేవాళ్ళలో ఒకతను, ముందు శ్రుతిలోకి రమ్మని. వెనకెవరో నవ్వారు.

బావ వేణువు దించి చేతులు జోడించాడు. "దమ్ నహీ బచా, సాబ్" అన్నాడు, ఊపిరి మిగల్లేదని.

షెడ్డు పొగకు ఊపిరి పోయిందని బాగ్‌బేరా అంతా చెప్పుకున్నారు. నన్నడిగితే, "అవును, దగ్గు కూడా ఉంది" అన్నాను. బావకు ఏ దగ్గూ లేదు.

ఆరేళ్ళకు ఒక పాత పుస్తకంలో చదివాను: గాలి వేడెక్కితే వేణువు శ్రుతి పెరుగుతుంది. జనవరి ఉదయానికీ మే మధ్యాహ్నానికీ లెక్క కట్టాను. దాదాపు అర స్వరస్థానం తేడా. కాగితం పట్టుకుని బావ దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద వేణువులకు ఆవనూనె రాస్తున్నాడు. కాగితం అందుకోలేదు.

"తెలుసురా. రెండెందుకెట్టుకున్నాననుకున్నావు?"

"మరి ఆవేళ సంచెందుకొగ్గేసినావు?"

"నువ్వంత గట్టిగా సెప్పినావు. సదివినోడివి, నాకు తెలీందేదో తెలుసుననుకున్నాను."

రెండో షిఫ్టు సైరన్ మోగింది. అతను నూనె చేతులు తుడుచుకుని ఖాకీ చొక్కా అందుకున్నాడు.

కాగితం జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను. పక్క క్వార్టరాయన గేటు దగ్గర ఆపాడు.

"మీ బావకి దగ్గెలాగుంది బాబూ?"

"అలాగే ఉందండీ" అన్నాను.