మామయ్య చెప్పే రెండు

మా మామయ్య లేడీస్ టైలర్. ముప్పై ఏళ్లుగా కాలితో తొక్కే మెషినే వాడుతున్నాడు. మోటారు పెట్టించుకోమంటే, "నా కాలికి తెలిసిన వేగం దానికేం తెలుసురా" అంటాడు. ఆ కాలికే చీలమండ పైన పదకొండు నెలలుగా మానని పుండు. అరచేతిలో సగం ఉంటుంది. వారానికి రెండుసార్లు కట్టు మార్పించుకోవాలి.

ఆసుపత్రిలో కట్లు మార్చే గదిలో నర్సు ప్రతిసారీ అడుగుతుంది, పదికి నొప్పి ఎంత అని.

"రెండు" అంటాడు.

పచ్చి అబద్ధం. పాత గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని ఊడదీస్తుంటే ఆయన మెడ నరాలు తాళ్లలా లేస్తాయి. నోరు మాత్రం పెగలదు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంటాడు. అత్త పిలిచినా పలకడు. కోపమూ కాదు, ఏడుపూ కాదు. మనిషి అక్కడ ఉండడు, అంతే.

ఎందుకు దాస్తాడో మాకు తెలుసు. పక్క కొట్లో చెప్పులు కుట్టేవాడు, నొప్పి ఎక్కువని చెప్పినందుకే తన కాలివేలు తీసేశారని ఒకసారి అన్నాడు. అప్పటినుంచీ మామయ్యకు పెద్ద అంకె అంటే రంపం. కాలు పోతే మెషిన్ పోయినట్టే.

మొన్న మంగళవారం నాతోపాటు అత్త కూడా వెంట వచ్చింది. కట్టు అంచుల చుట్టూ ఎర్రబడింది. వాసన కూడా వస్తోంది. అయినా రెండే అన్నాడు.

నర్సు కట్టు ముట్టుకోలేదు. "బాబాయ్ గారూ, నేను డ్రెస్సు కుట్టించుకోడానికొచ్చి, నడుము ఇరవై ఎనిమిదని నోటితో చెప్తే కత్తిరిస్తారా?"

మామయ్య ఆమె నడుము వైపు ఓసారి చూశాడు. "ఛస్తే కత్తిరించను. అందరూ రెండంగుళాలు మింగే చెప్తారు. టేపు పెట్టి చూసుకుంటా."

"నొప్పికి టేపు లేదు మరి. మీరు చెప్పిందే కొలత. అది పెరిగితే లోపల చీము పడుతోందేమోనని చూస్తాం. మీరిలా దాచి దాచి ముదరబెడితేనే కాలికి ముప్పు."

"చెప్పండి, ఇప్పుడు చెప్పండి" అని అత్త అందుకుంది. "నిన్న కూరలో ఉప్పెక్కువైందని వీధంతా వినబడేలా అరిచారుగా!"

మామయ్య కట్టు మీద చెయ్యి పెట్టాడు. "తొమ్మిది" అన్నాడు. "మొదట్నుంచీ తొమ్మిదే. నిన్నట్నుంచి పది."

"నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"కట్టయ్యాక, ఇంటికెళ్లి. నొప్పి రాకముందే వేసుకుంటే మాత్ర దండగ కదమ్మా."

నర్సు నవ్వలేదు. డాక్టరును పిలిచింది. ఆయన ఆ ఎరుపూ వాసనా చూసి చీముకు మందు రాశాడు, నొప్పి మాత్ర ఇకనుంచి కట్టుకు గంట ముందే వేసుకోమన్నాడు. ఆమె గాజుగుడ్డను సెలైన్‌తో నానబెట్టి, దానంతటదే వదిలేదాకా ఆగింది. పుండు మీద తిమ్మిరెక్కించే జెల్ రాసింది. అది పనిచేసేదాకా అరగంట ముగ్గురం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం.

ఆమె శుభ్రం చేస్తుంటే మామయ్య వంగి చూశాడు. పదకొండు నెలల్లో తన పుండును చూడడం అదే మొదలు. "ఎవరిదో కాలులా ఉంది" అన్నాడు.

"ఇప్పుడెంత?"

"నాలుగు. కాలు తీసేస్తారా?"

"ఇప్పుడా మాటే లేదు. మందు పనిచేస్తే మానొచ్చు. ఒట్టేసి మాత్రం చెప్పలేను. అంటుకోని కట్టు వేస్తున్నా. శుక్రవారం రండి, అంకె నిజం చెప్పండి."

మామయ్య తలూపాడు. సంతోషించాడని రాయలేను. మొహంలో ఏమీ లేదు. బయట మెట్ల దగ్గర ఆగి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "మెల్లగా దిగరా, నొప్పిగా ఉంది" అన్నాడు.