మగ్గం గుంతలో చింతచెట్టు

ఎమ్మిగనూరులో మా ఇంటి ఓనరు అనగానే ఆయన బొటనవేలి గోరే గుర్తొస్తుంది. నేతపని మానేశాక పళ్ళెమంత తొట్టిలో చింతచెట్టును బోన్సాయ్‌గా పెంచాడు. ఓ చలికాలం అది జబ్బుపడి ఆకంతా రాల్చింది.

"ఎండకు పెట్టన్నా," అన్నాను.

"బయట సలికి సస్తాదప్పా," అంటూ ఖాళీ మగ్గం గుంతలోకి దించాడు. నేసినన్నాళ్ళూ ఆయన కాళ్ళు వెచ్చగా ఉన్నది ఆ గుంతలోనే. రోజూ దిగి, గోటితో బెరడు గీకి చూసి, "లోపల పచ్చిగానే ఉండాది," అనేవాడు.

శివరాత్రి నాటికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. నన్ను దిగి చూడమన్నాడు. కొమ్మ ముట్టుకుంటే పుల్లలా విరిగింది. గీకడానికి బెరడే మిగల్లేదు.

"పచ్చిగా ఉండాదా?" పైనుంచి అడిగాడు.

ఉందన్నాను.

"అయితే నీళ్ళు పొయ్యప్పా," అంటూ చెంబు అందించాడు.

పోశాను.