చెవుల్లో వేపపుల్లలు

నా చిన్నప్పుడు నారాయణగూడలో మా సంఘం ఒక రేకుల షెడ్డులో కూడుకునేది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్లం. ఆడవాళ్లందరివీ తెల్లచీరలే, తల మీద ముసుగే. బాప్తిస్మం తీసుకోదలచిన ఆడమనిషి అంతకు ముందు ఆదివారమే లేచి, తను ఎలా మారిందో సాక్ష్యం చెప్పాలి. ఒంటి మీది నగలన్నీ తీసి ముందున్న బల్ల మీద, తెల్లగుడ్డలో పెట్టాలి. అది మా సంఘం పద్ధతి. తప్పని గానీ ఒప్పని గానీ నేను ఇప్పుడు అనబోవడం లేదు. ఆ పద్ధతిలో నేను చేసిన పని మాత్రం చెబుతాను.

మా బాపు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో అటెండరు. చిక్కడపల్లిలో ఒక గదీ, ముందు చిన్న వరండా, అదే మా ఇల్లు. అమ్మ నా ఏడో ఏట పోయింది. ఇల్లు చూసుకునే మనిషి లేక నన్ను బడి మాన్పించారు. అక్షరం ముక్క రాదు గానీ చెవులు మాత్రం గట్టివి. వాక్యమైనా, పాటైనా, ఎవరి సాక్ష్యమైనా ఒక్కసారి వింటే అప్పజెప్పేదాన్ని. సంఘంలో అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు నాకు చాలా రుచి. కూర లేని అన్నం తిని ఉండగలిగేదాన్ని. ఆదివారం నన్ను ఎవరూ ఒక మంచిమాట అనకపోతే మాత్రం ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఆడపిల్లకు శోధన అంటే అద్దం, పువ్వులు, గాజులు అని మాకు నేర్పారు. మెప్పు సంగతి ఎవరూ చెప్పలేదు.

మా పక్కింట్లో ఒక అక్క, వాళ్లమ్మ కిరాయికి ఉండేవాళ్లు. అక్కకు ఇరవై ఏళ్లుంటాయేమో. నారాయణగూడ చౌరస్తా దగ్గర టైపు నేర్చుకునేది. చెవులకు ఎర్రరాళ్ల కమ్మలు పెట్టుకునేది. వాళ్ల ఊళ్లోనే బాప్తిస్మం తీసుకుని వచ్చింది, అక్కడ కమ్మల పట్టింపు లేదట. మా సంఘంలో వెనక చాప చివర కూర్చునేది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు, ముందుకు రమ్మనీ అనలేదు. ప్రభువు బల్ల జరిగినప్పుడు, అంటే బాప్తిస్మమైనవాళ్లు ప్రభువును తలుచుకుని రొట్టె పంచుకునేటప్పుడు, పళ్లెం మాత్రం ఆమె దాకా పోయేది. రెండు చేతులూ చాపి పళ్లెం అందుకుని, కళ్లు మూసుకుని కాసేపు ఆగి, అప్పుడు ముక్క తుంచుకునేది. అంత ఆకలిగా ఆ రొట్టె తీసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తల్లి లేని నాకు రోజూ తల దువ్వింది ఆ అక్కే. ఇది ముందే చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎంత చెడ్డపనో మీకు అర్థం కాదు.

నాకు పదమూడేళ్లప్పుడు బాప్తిస్మానికి పేరిచ్చారు. సాక్ష్యం చెప్పాల్సిన ఆదివారం నాకంటే ముందు ఒకావిడ లేచింది. ఏళ్ల తరబడి కల్లు తాగి, పిల్లల్ని పస్తులుంచి, ఆఖరికి మారిన మనిషి. ఆమె ఏడుస్తూ చెప్తుంటే షెడ్డంతా ఏడ్చింది. తర్వాత నేను లేచాను. నా దగ్గర చెప్పుకోవడానికి ఏముంది? విన్న సాక్ష్యాలన్నీ కలిపి నాలుగు మాటలు అప్పజెప్పాను. నా గిల్టు కమ్మలు తీసి గుడ్డ మీద పెట్టాను. చప్పుడు కూడా కాలేదు. ఎవరూ ఏడవలేదు. ఒకావిడ అప్పుడే ఆవులించింది.

ఆ ఆవులింత చూసి నా నోట్లోంచి మాట జారింది. "ఇగ నేను మా పక్కింటక్క లెక్క ఉండ. ఆమె కమ్మలు పెట్టుకొని సినిమాకు పోతది, ఒకాయనతోటి. నేను చూసిన."

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఆవులించినావిడ కూడా.

నేను చూసింది ఇంతే. ముందు వారం వాన కురుస్తుంటే అక్క చిక్కడపల్లి దాటాక ఒక సినిమాహాలు ముందు నిలబడి ఉంది. పక్కన ఎవరో ఒకాయన ఉన్నాడు. ఆ పక్కన ఇంకో ఇరవై మంది ఉన్నారు. అందరూ వాన తగ్గాలని చూస్తున్నారు. అది నాకు అప్పుడూ తెలుసు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద అక్కను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, నెమ్మదిగానే అడిగాడు. "నిజమేనా బిడ్డా?"

"వాన పడుతుంటే నిలబడ్డ అయ్యగారూ. టికెట్ కొనలే, లోపటికి పోలే. పక్కన నిలబడ్డాయనెవరో నాకు తెల్వనే తెల్వదు."

"మరి ఈ పిల్లకు అబద్ధమాడే పనేంది?"

అక్క నా వైపు చూసింది. నేను చాప పోగులు పీకుతూ కూర్చున్నాను. "దాన్నే అడుగుండ్రి" అంది.

అడగలేదు. అప్పుడే కమ్మలు తీసి గుడ్డ మీద పెట్టిన పిల్లను ఎవరు అనుమానిస్తారు? "పోనీ ఆ కమ్మలన్న తియ్యి బిడ్డా. సంగతి ఇంతట్ల అయిపోతది" అన్నాడు పెద్దాయన.

"వేరే రోజు అడిగితే తీస్తుంటినేమో అయ్యగారూ. ఇయ్యాల తీస్తే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టయితది. ఇయ్యాల తియ్య."

ఆమె మారేదాకా రొట్టె ఇవ్వకుండా, ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలని పెద్దలు తీర్మానించారు.

ఇక నా మార్పు సంగతి చెబుతాను. ఇంటికి పోగానే నేను చేసిన మొదటి పని, పళ్లు తోముకునే వేపపుల్లల్లో ఎండినది ఒకటి విరిచి, రెండు ముక్కలు సన్నగా చెక్కి చెవి రంధ్రాల్లో పెట్టుకోవడం. రంధ్రాలు పూడుకుపోకుండా ఆడపిల్లలు చేసే పనే అది. కమ్మలు సంఘానికి ఇచ్చాను, రంధ్రాలు మాత్రం నా కోసం ఉంచుకున్నాను. అమ్మ కుట్టించిన చెవులని జాలిగా చెప్పుకోవచ్చు. కానీ అది అబద్ధం. పెద్దయ్యాక ఎర్రరాళ్ల కమ్మలు పెట్టుకోవాలని నా ఆశ. ముసుగు చెవుల మీదికి లాగితే పుల్లలు కనపడవు. ఆ వారమంతా నేను ముసుగు తియ్యలేదు. పిల్లకు ఎంత అణకువ వచ్చిందో చూడమని మా బాపు వాడకట్టంతా చెప్పుకున్నాడు.

ఆ వారం అక్క తల దువ్వడానికి రాలేదు. మళ్లీ ఆదివారం, నా బాప్తిస్మం రోజు పొద్దున్నే దువ్వెన పట్టుకుని వచ్చింది.

"చిక్కుల తలతోటే నీళ్లల్ల మునుగుతావే? ఇటు కూసో" అంది.

వెళ్లి కూర్చున్నాను. ముసుగు తీసింది. జుట్టు వెనక్కి లాగింది. చెయ్యి ఆగిపోయింది.

"కమ్మలు తీసినవ్ కద. ఈ పుల్లలెందుకే?"

"పుండు కావద్దని."

"ఎప్పుడో పసిపిల్లప్పుడు కుట్టిన చెవి ఇప్పుడు పుండయితదా?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. బాపు వరండాలో చెప్పులు తుడుచుకుంటున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు, నా బాప్తిస్మం ఆగుతుంది, నేను అబద్ధాలకోరునని తేలుతుంది, ఆమెకు బల్ల తిరిగి వస్తుంది.

"బాపుకు చెప్పకక్కా."

"చెప్ప."

"అయ్యగారికి?"

"ఎవ్వరికీ చెప్ప. నువ్వు నా మీద చెప్పినవని నేను నీ మీద చెప్పాల్నా?"

"అయితే నువ్వే తీసెయ్యక్కా."

"నేను పీకితే నువ్వు మళ్ల పెట్టుకుంటవ్. నువ్వే తీసుకోవాలె. జర తల వంచు." జడ వేసి, ముసుగు కప్పి, తన తలలోంచి రెండు పిన్నులు తీసి చెవుల దగ్గర గట్టిగా పెట్టింది. నా తప్పు ఎవరికీ కనపడకుండా కప్పింది ఆ మనిషి, నేను నలుగురి ముందు నిలబెట్టిన మనిషి.

నేను పుల్లలు తియ్యలేదు. వాటితోనే బాప్తిస్మపు తొట్టి నీళ్లలో మునిగాను.

ఎండిన పుల్ల నీళ్లు తాగితే ఉబ్బుతుందని నాకు తెలియదు. తొట్టిలోంచి లేచి బట్టలు మార్చుకుని, తడిసిన పుల్లల మీదే మళ్లీ ముసుగు కప్పుకుని చాప మీద కూర్చునేసరికి చెవులు సలపడం మొదలైంది. వాక్యం చెప్పడం అయిపోయే వేళకు మంటలు. కన్నీళ్లు ఆగలేదు. "చూడుండ్రమ్మా, పసిపిల్ల ఎట్ల కుమిలిపోతున్నదో! మార్పంటే గిట్లుండాలె" అని వెనకావిడ పక్కావిడతో అంది. నేను కోరుకున్న మాట అదే. చెవులు పట్టుకుని అరవాలనిపించింది.

పళ్లెం వచ్చింది. నా జీవితంలో మొదటి రొట్టె ముక్క తీసుకున్నాను. రుచి తెలియలేదు. పళ్లెం వెనక్కి పోయింది. నేను తిరిగి చూశాను. అక్క ఎప్పటి అలవాటుతో, మరిచిపోయి, రెండు చేతులూ చాపింది. పళ్లెం పట్టుకున్నాయన ఆమె తల మీదుగా ఎత్తి అవతలి మనిషికి ఇచ్చాడు. ఆ చేతులు కొంచెంసేపు అలాగే ఉన్నాయి. తర్వాత వాటిని దగ్గరకు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రానికి చెవులు వాచిపోయాయి. బాపుకు చెప్పలేక అక్క ఇంటికే పోయాను. ఆమె నీళ్లు కాచి, గుడ్డతో కాపడం పెట్టి, కొబ్బరినూనె రాసి, గోటితో మెల్లగా లాగింది. ఎడమ చెవిది వచ్చింది. కుడి చెవిది లోపల విరిగింది. దాన్ని సూదితో తీసింది.

"నా మీద కోపం లేదా అక్కా?" అని ఏడుస్తూ అడిగాను.

"ఉంది. మస్తుంది. కదలకు, సూది గుచ్చుకుంటది."

"వచ్చే ఆదివారం లేచి నిజం చెప్త."

పరవాలేదులే అంటుందనుకున్నాను. అనలేదు. "చెప్పు" అంది. దీపం కింద సూది తుడిచి డబ్బాలో పెట్టుకుంది.

వచ్చే ఆదివారం నేను లేవలేదు. లేద్దామని మోకాళ్ల దాకా వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఆ పై ఆదివారమూ అంతే. మూడో ఆదివారమూ అంతే. మూడు వారాలూ ఆమె వచ్చి వెనక చాప చివర కూర్చుంది. పళ్లెం వచ్చే వేళకు చేతులు కొంగు కింద పెట్టుకుని నా వైపు ఒకసారి చూసేది. అంతే. తల దువ్వుతూ ఒక్కనాడూ గుర్తు చెయ్యలేదు. మూడో ఆదివారం దాటిన బుధవారం వాళ్లమ్మా ఆమే సామాను రిక్షాలో వేసుకుని అడిక్‌మెట్ వైపు పోయారు.

నాలుగో ఆదివారం నేను లేచాను. సినిమాహాలు, వాన, పుల్లలు, అన్నీ చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. తప్పు ఒప్పుకున్న పిల్ల అని పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. మళ్లీ మెప్పే వచ్చింది. వెనక చాప చివర ఖాళీగా ఉంది. ఆ రోజు ఆ మెప్పు నా గొంతు దిగలేదు.

అక్కను తీసుకురమ్మని పెద్దలు బాపును, నన్ను పంపారు. అడిక్‌మెట్‌లో ఇల్లు వెతికి పట్టుకున్నాం. అక్క గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మలు లేవు, పుల్లలూ లేవు.

"ఎప్పుడు తీసినవక్కా?"

"ఇక్కడికొచ్చినంక. ఎవ్వరూ అడుగుతలేరు కద, తీయబుద్దయింది."

నేను అంతా చెప్పేశానని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. చేట పక్కన పెట్టింది.

"నేనున్నప్పుడెందుకు చెప్పలేదే?"

"భయమైంది."

"ఇప్పుడు భయం పోయిందా?"

"ఇప్పుడు నువ్వు లేవు కద" అన్నాను. పిల్లను కదా, ఉన్నమాటే అన్నాను. ఆమె నవ్వింది. అంత బాధగా నవ్విన మనిషిని నేను చూడలేదు. మళ్లీ సంఘానికి రమ్మని బాపు బతిమాలాడు. "రాను బాపూ. పళ్లెమంటే మళ్ల చేతులు చాపాలె. భయమైతుంది" అంది. మాకు చాయ్ ఇచ్చింది. వచ్చేముందు నన్ను కూర్చోబెట్టి తల దువ్వింది. ఆఖరుసారి అది. తర్వాత వాళ్లు నల్లకుంటకు మారారన్నారు, అక్కడికి పోతే అక్కడా లేరు. ఆమె మళ్లీ ఏ సంఘంలోనైనా ఆ రొట్టె తీసుకుందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

పెద్దయ్యాక అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు. వాళ్లలో ఒకతె నాకు యాభై దాటాక అక్షరాలు దిద్దించింది, దాని పుణ్యాన ఇది రాస్తున్నాను. ఈ మధ్య ఒక పిల్ల వంటింట్లోకి వచ్చి, "పెద్దమ్మా, బాప్తిస్మం తీసుకుంటున్న. కమ్మలు తియ్యాల్నా?" అని అడిగింది. నాకు కమ్మల సంగతి తెలియదన్నాను. ఎవరి గురించైనా చెప్పకూడనిది చెప్పి ఉంటే, ఆ మనిషి ఇంకా ఇక్కడుండగానే పోయి దిద్దుకొమ్మన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపటికి ఫోను పట్టుకుని బయటికి పోయింది. ఎవరికి చేసిందో నేను అడగలేదు.

నా ఎడమ చెవి రంధ్రం ఎప్పుడో పూడుకుపోయింది. కుడి చెవి తమ్మెలో, పుల్ల విరిగిన చోట, చిన్న గడ్డ ఉండిపోయింది. చలికాలం సలుపుతుంది. ఇప్పటికీ ఆదివారం పళ్లెం నా దగ్గరకు వస్తే నేను వెంటనే అందుకోను. ఒకసారి వెనక్కి తిరిగి ఆఖరి వరస చూస్తాను, అక్కడ ఎవరైనా చేతులు చాపి ఉండిపోయారేమోనని.