గడప బయట ఆడిన ఆట

పోయిన ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చబోతున్న వేళకు, చిక్కబళ్ళాపురంలో ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు కూతురు ఫోను చేసి గోడు వెళ్ళబోసుకుంది. ఆఫీసులో నలుగురిని పోగుచేసి కథ చెప్పే ఆట ఒకటి ఆడిస్తోందట, నెల కూడా తిరక్కముందే ఒకడు తన వీరుడు చచ్చిపోయాడని అలిగి రావడం మానేశాడట, ఇంకొకతె ప్రతి రూలుకూ పేచీ పెడుతోందట. "అత్తా, మీరు ఇంట్లోవాళ్ళతో ఆరేండ్లు ఎట్ల ఆడించినారు? అదీ మా అవ్వను కూడా కూచోబెట్టుకోని!" అని అడిగింది. తోచిన నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాను గాని, ఇక నిద్ర పడితే ఒట్టు. మన ఈడువాళ్ళలో ఈ ఆట పేరు విన్నవాళ్ళే తక్కువ. బాగేపల్లిలో అత్తగారింట్లో కూర్చొని ఆడించిన కోడలు మాత్రం నేను తప్ప ఇంకొకరు ఉండరు. గొప్పలనుకుంటే అనుకోండి, ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

పెళ్ళికి ముందు రెండేళ్ళు బెంగళూరులో ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేశాను. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి దగ్గర ఈ ఆట తాలూకు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. ఆట ఏమిటంటే, ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషిగా మారి, ఎదురుగా కోట వస్తే ఏం చేస్తారో, రాక్షసుడు వస్తే ఏం చేస్తారో నోటితో చెబుతారు, ఆ పని నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. వారం వారం కథ అట్లా సాగిపోతూనే ఉంటుంది. పెళ్ళయి వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని జెరాక్స్ తీయించి, పట్టుచీరల మధ్య దాచి మరీ తెచ్చుకున్నాను.

మొదటి ఆరునెలలూ దాన్ని పెట్టెలోంచి తీసే ధైర్యం లేకపోయింది. ఒక ఆదివారం ముసురు పట్టి, కరెంటు పోయి, టీవీ మూగబోయి, ఇంటిల్లిపాదీ పడసాలలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నప్పుడు, మెల్లగా విషయం చెప్పాను. మా ఆయన గూళూరు బడిలో మేష్టరు గనుక ముందు పుస్తకం ఇటివ్వమన్నారు. చింతామణి మండీలో టమోటాలు అమ్మే మా మరిది ఎగిరి గంతేశాడు. అప్పటికింకా పెళ్ళికాని ఆడపడుచు తానే మంత్రగత్తెనని ముందే చెప్పేసింది. మూలన చింతపండు గింజ తీస్తున్న మా అత్తగారు తలెత్తకుండానే, "నేను గొర్రెలు కాసే ముసిల్దాన్నౌతా. చేతిలో కట్టె ఉంటే చాలు" అన్నారు. నేను బిత్తరపోయాను.

పుస్తకంలో చెప్పిన ఇరవై ముఖాల పాచిక బాగేపల్లిలో కాదు గదా, చింతామణిలో అడిగినా అంగడివాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఉపాయం అత్తగారే చెప్పారు. చింతగింజల్ని బండకేసి ఒక పక్క తెల్లగా తేలేదాకా అరగదీసి, అలాంటివి ఐదు నా చేతిలో పోశారు. మామూలు పనికి మూడు తెలుపులు పడాలి, కష్టమైన పనికి నాలుగు, ఐదూ నలుపే పడితే ఇక అంతే సంగతులు.

కథ కూడా పుస్తకంలోది నప్పలేదు. మంచుకొండ గుహలో బంగారం రాశులున్నాయని నేను ఎంత ఊరించినా ఎవరూ కదల్లేదు. "ఆ గవిలో నీళ్ళుండాయా?" అని అడిగారు అత్తగారు. పాతపాళ్యలో మా చేనుకు వేసిన బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతున్న రోజులవి, ఆమె అడగడంలో తప్పేముంది? ఆ వారమే మంచుకొండల్ని చెరిపేసి, ఏటిని మింగేసి చెరువు గట్టు మీద కాపలా కూర్చున్న రక్కసి కథ అల్లాను. ఇక చూడండి, ఆదివారం అన్నాలు పదకొండింటికే అయిపోయేవి.

అసలు తంటా రూళ్ళతో వచ్చింది. మా మరిది మండీ మనిషి, బేరం ఆడకపోతే వాడికి తిన్నది అరగదు. రెండే తెలుపులు పడితే, మూడోది సగం తెల్లగా ఉందనేవాడు, లేదంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టు గింజే సరిగా అరగలేదనేవాడు. ఒకరోజు అత్తగారే విసుగెత్తి, "గింజ కింద పడినాక మాట మారకూడదు, ఎవురికైనా సరే" అని తీర్పు చెప్పారు. అది మా మొదటి రూలు. రెండోది వరసల గొడవ. మా ఆయన కథలో సేనాపతి, అయినా వాళ్ళమ్మకు ఆజ్ఞ ఇవ్వాలంటే నోరు పెగిలేది కాదు. ఆడపడుచు మంత్రగత్తె అయుండీ సేనాపతిని 'అన్నా' అని పిలిచి రహస్యాలన్నీ కక్కేసేది. అందుకని భుజాన తువ్వాలు వేసుకుంటే కథలో మనిషి, తీసేస్తే ఇంట్లో మనిషి అని పెట్టాను. ఆ తువ్వాలు పడగానే మా అత్తగారు కొడుకును "ఏమప్పా సేనాపతీ, నీ కత్తికి తుప్పు పట్టిండాదే" అని ఎకసెక్కం ఆడుతుంటే, మేం పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్ళం.

మూడో రూలు ఆమె పెట్టిందే, ఆట పీకల మీదికి తెచ్చిందీ అదే. దీపం పెట్టే ఇంట్లో 'చచ్చిపోయావు' అనే మాట ఎవరినీ అనకూడదన్నారు. నిజమే గదా, మనం బయటికెళ్ళేటప్పుడు 'వస్తాను' అంటామే గాని 'పోతాను' అనం. అందుకని కథలో ఎవరు చచ్చినా 'ఊరికి పోయారు' అనేదాన్ని, మరుసటి వారం వాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు. దాంతో భయం పోయింది. మా మరిది వారానికొకసారి కోటగోడ మీంచి దూకి, "ఏముండాది వదినా, ఊరికి పోయొస్తా" అనడం మొదలుపెట్టాడు. మా ఆయన ఆట మధ్యలో పేపరు చదివేవారు. ఇంకో నెలకు ఇది ఆగిపోతుందని నాకు తెలిసిపోయింది. ఆగిపోతే నేను మళ్ళీ వంటింటికీ బావికీ మధ్య తిరిగే కొత్తకోడలినే. ఆ ఇంట్లో నలుగురు నా నోటివంక చూసే చోటు అదొక్కటే. చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, దొడ్లో నిలబడి ఏడ్చాను.

అత్తగారు చూశారో, తనకే తోచిందో తెలియదు. ఆ ఆదివారం చాప చంకన పెట్టుకొని గడప దాటి వెళ్ళి, ముంగిట్లో పందిరి కింద పరిచారు. "భయం లేనిచోట ధైర్యం యాడుంటాదమ్మా? గడప బయట ఆ మాట అంటే దోషం లేదు. ఇంక ఉన్నమాటే చెప్పు" అన్నారు. ఆ రోజు మా మరిది గోడ దూకే ముందు మూడుసార్లు ఆలోచించి, నిచ్చెన అడిగాడు.

రెండు నెలలు ఎవరూ చావలేదు. ఆ తర్వాత రక్కసి చెరువు దగ్గరికి చేరారు. తూము తెరిస్తే గాని నీళ్ళు పారవు, నీళ్ళలో మునిగి తూము బిరడా లాగాలి. సేనాపతికి ఈత రాదు, మంత్రగత్తె మంత్రాలు అయిపోయాయి, మా మరిది రక్కసితో కలబడుతున్నాడు. గొర్రెల ముసలమ్మ కట్టె పక్కన పెట్టి దూకింది. అత్తగారు మొదటిసారి గింజలు వేస్తే నాలుగు తెలుపులు పడ్డాయి, బిరడా ఊడింది. ఇక ఆ ఉరవడిలోంచి పైకి తేలాలి. మళ్ళీ వేశారు. ఐదూ నలుపే.

నా కంటికి గింజలు కనబడలేదు, ఎదురుగా మా అత్తగారే కనబడ్డారు. కోడలినై ఉండి ఆమె ముఖాన ఆ మాట ఎట్లా అనను? చాప అంచు తగిలింది, ఇది లెక్కకు రాదు, మళ్ళీ వేయండి అని గబగబా అబద్ధమాడేశాను. ఎన్నడూ నా మాటకు ఊకొట్టని మరిది, "అవును, నేనూ చూసినా" అన్నాడు. మా ఆయన తలూపారు. ఆడపడుచు గింజలు ఏరి తల్లి చేతిలో పెట్టబోయింది.

ఆమె చెయ్యి చాపలేదు. "చాప తగల్లేదు. వానికైతే మళ్ళా ఇచ్చుంటివా?" అన్నారు నాతో, మా మరిదిని చూపిస్తూ. "నాకోసరం మారిస్తే, ఇన్నాళ్ళూ మీరంతా నన్ను ఆడించలేదు, ఏమార్చినారు. చెప్పమ్మా. నన్ను చూసి చెప్పు."

చెప్పాను. "మీరు చచ్చిపోయినారు, అత్తా." ఆడపడుచు చెంపలు వేసుకుంది. అత్తగారు భుజాన ఉన్న తువ్వాలు తియ్యకుండానే అడిగారు, "నీళ్ళు ఎందాకా పోయినాయి?"

పుస్తకంలో దానికి జవాబు లేదు. "పాతపాళ్య చేలు దాటి పోతాండాయి అత్తా" అన్నాను.

"అట్లయితే సరే" అని తువ్వాలు తీసి దులిపి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. మా ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. మరుసటి ఆదివారం ఆమె గుర్రాల దొంగగా తయారై వచ్చి, ఆట సాగినన్నాళ్ళూ ఊరూవాడా దోచుకున్నారు.

ఆ రోజు తర్వాత ఇంట్లో నా మాటకు విలువ వచ్చింది. ఏ సంగతైనా అందరూ తలా ఒక రకంగా చెబుతుంటే, అత్తగారు అందరినీ ఆపి నావైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అనేవారు. బోరు మళ్ళీ వేస్తే దండగని చెప్పింది నేనే. చాలా ఏళ్ళ తర్వాత, ఆస్పత్రి మంచం మీద, డాక్టరు ఏమన్నాడని కొడుకులను అడక్కుండా ఆమె నన్నే అడిగారు. నేనే చెప్పాను. ఆమె నా చెయ్యి తట్టి, చేయవలసిన పనులు నాలుగు వరసగా చెప్పి, నిమ్మళంగా కళ్ళు మూసుకున్నారు. ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కడా లేని ఆట అది, దాన్ని ఆడించింది నేనని ఈరోజుకీ గర్వపడుతున్నాను.

మా ఆడపడుచు కూతురికి చెప్పిన సలహా కూడా అదే, ఎవరు అలిగినా గింజ పడ్డాక మాట మార్చొద్దని. "ఇప్పుడట్ల అంటే ఎవురూ రారత్తా" అని నవ్వేసింది. నిజమే కావచ్చు. ఈ కాలం పిల్లలు చాలా మెత్తనివాళ్ళు, ఎవరి మనసూ నొప్పించరు. పోయిన నెల నా రక్తపరీక్షల కాగితాలు వస్తే, మా అబ్బాయీ కోడలూ ముందు వాళ్ళు చదువుకొని, అందులో నాకు చెప్పదగ్గవి ఏరి, నవ్వుతూ చెప్పారు. ప్రేమతోనేనని నాకు తెలుసు. మిగతా కాగితం ఏమైందని నేనూ అడగలేదు. నాకు ఏ లోటూ లేదు, కోడలు కాఫీ చేతికందిస్తుంది, కొడుకు మందులు తెచ్చిస్తాడు. మా అత్తగారికి మాత్రం నేనుండేదాన్ని.