మిరప కోతకు వెళ్ళే ఆటోలో చదువు

పదిహేనో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. రోజుకు ఒక పేజీ. ఎండ ఎలా ఉంది, ఎవరు వచ్చారు, ఏ పని అయింది, ఏ పని మిగిలింది. డైరీ వల్ల నాకు మేలే ఎక్కువ జరిగింది. ఒక్కసారి మాత్రం అది నన్ను తప్పుదారి పట్టించింది. ఆ సంగతి రాస్తాను.

పందొమ్మిదో ఏట గుంటూరులో చదువుకుంటూ ఉండగా, ఒక ఆదివారం ఆరాధనలో నా పనేమిటో నాకు తెలిసింది. స్వరమేమీ వినబడలేదు, కలా రాలేదు. మా అమ్మలాంటి ఆడవాళ్ళకి చదవడం నేర్పాలి, అంతే. మా అమ్మ పొలం పనికి వెళ్ళేది. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది, ఏ పాట పాడినా అదే పేజీ. నన్ను మాత్రం పొలం గట్టు ఎక్కనిచ్చేది కాదు.

ఆ ఏడే నాన్న మంచాన పడ్డారు. నా వెనక ముగ్గురు చెల్లెళ్ళు. పోస్టాఫీసులో ఉద్యోగం వస్తే చేరాను. “రెండేళ్ళు చాలు” అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. నలభై ఏళ్ళు చేశాను. పింఛన్లు తీసుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కించడం నా పనుల్లో ఒకటి. నేర్పాల్సిన వేళ్ళకి సిరా పూస్తున్నానని చాలాసార్లు అనుకున్నాను. అనుకుని మళ్ళీ తర్వాతి మనిషిని పిలిచేదాన్ని.

రిటైరయ్యాక కూడా వెంటనే ఏమీ మొదలుపెట్టలేదు. మోకాళ్ళ నొప్పులు, ఇల్లు, ఏవో సాకులు. ఒక క్రిస్మస్ వెళ్ళిన వారానికి, మా ఊరి చివర పల్లెలో ఉండే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి. మిరప కోతలకి పదమూడు మంది ఆడవాళ్ళని తీసుకెళ్ళే ముఠాకి ఆవిడే మేస్త్రి. గొంతు పెద్దది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

“అమ్మగారూ, ప్రార్థన చెయ్యమంటే అరగంట చేస్తాను. చదవమంటే తల దించుకుంటాను. దేవుడేమో నన్ను చదవమంటున్నాడు, మా సంఘ పెద్ద వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?”

“సంఘ పెద్ద ఏమన్నాడు?”

“చదవడం వచ్చాక రమ్మన్నాడు.”

“అయితే ఇద్దరూ ఒకటే అంటున్నారు గదా. లోపలికి రా.”

ఆవిడ కోరిక ఇది. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు లేచి, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలూ ఒక్కొక్కటి చదివి, దాని గురించి నాలుగు ముక్కలు చెబుతారు. ఆ ఏడుగురిలో తను ఒకతె కావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పల్లెకి పాస్టరుగారు వారం విడిచి వారమే వస్తారు. ఆయన రాని ఆదివారాల్లో వాక్యం చదివే పెద్దాయన చనిపోయాక పాటలు పాడుకుని లేచిపోతున్నారు. గుడ్ ఫ్రైడే నాడు తడబడకుండా చదివితే ఆ ఆదివారాలు తనకి ఇస్తామని పెద్దలు ఒప్పుకున్నారు. చదవలేకపోతే ఇక ఆ మాట ఎత్తకూడదు. మధ్యలో మూడు నెలలు ఉన్నాయి.

సాయంత్రం ఐదున్నరకి చర్చి వరండాలో చదువు మొదలుపెట్టాను. మేస్త్రితో కలిపి పదకొండు మంది వచ్చారు. ఒకటో తరగతి వాచకాలు ఆరు కొన్నాను, ఇద్దరికొకటి చొప్పున. రెండు వారాలకి నలుగురు మిగిలారు. నేను పద్ధతి ప్రకారం కారణాలు డైరీలో రాస్తూ వచ్చాను. “వంట వేళ కాబట్టి రావడం లేదు.” “ఇంట్లో మగవాళ్ళు ఒప్పుకోవడం లేదేమో.” “ఆసక్తి తగ్గింది.” రాసిన దాన్ని నేనే మర్నాడు చదివి, నిజమేనని నమ్మాను. వంట వేళ కాకూడదని అరగంట ముందుకి జరిపితే ఆ నలుగురిలోనూ ఒకరు మానేశారు.

చివరికి మేస్త్రే అడిగింది. “అమ్మగారూ, మీరెప్పుడన్నా కాయ కోశారా?”

“లేదు.”

“అదీ సంగతి. పొద్దస్తమానం కోసినాక చేతులు నిప్పులే. సబ్బుతో కడిగినా పోదు, మజ్జిగ రాసినా పోదు. ఈళ్ళేమో వేలు నాలిక్కి అద్దుకుని పేజీ తిప్పుతున్నారు. నోరు మండుద్ది. పక్కనామె అదే పేజీ పట్టుకుని కన్ను నలుపుకుంటది. మొన్న ఒకామె రాత్రికి అన్నం కూడా వండలేకపోయింది.”

“మరి నాకెవరూ చెప్పలేదేం?”

“టీచరమ్మ పుస్తకాలకి వంక పెడతామా?”

ఇంటికి తెచ్చి ఒక పుస్తకం తెరిచాను. ముందు తుమ్ములు వచ్చాయి, తర్వాత కన్ను మండింది. మా ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, “ఈ పుస్తకాలు మిర్చి యార్డుకి తోలితే రేటు పలుకుద్ది,” అన్నారు. ఆ రోజు డైరీలో పాత కారణాలన్నీ కొట్టేశాను. కారణం నేనే అని రాశాను. పోస్టాఫీసు కిటికీ అవతల అన్నేళ్ళు చూసిన చేతుల గురించి నాకేమీ తెలియదని అప్పుడు తెలిసింది.

చేతులు చల్లగా ఉండేది పొద్దున ఒక్కపూటే. ఆరింటికల్లా ట్రాలీ ఆటో ఎక్కేస్తారు. చేను చేరడానికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటే చదువు అనుకున్నాం. మొదటి రోజు నేను ఆటో ఎక్కుతుంటే వెనక నుంచి ఇద్దరు తోశారు, ముందు నుంచి మేస్త్రి లాగింది.

“టీచరమ్మకి కూలి ఎంతిస్తారక్కా?” అని ఒకామె అడిగింది.

“కోసిన దాన్ని బట్టి,” అంది మేస్త్రి.

గతుకుల్లో పుస్తకం నిలవదు. పాత కేలండర్ల వెనక వైపు అరచేయంత అక్షరాలు రాసి, రోజుకొకటి ఆటో పైకమ్మీకి తగిలించేదాన్ని. వాచకంలో ఉన్న మాటలు పక్కన పెట్టి వాళ్ళ మాటలు రాశాను. కాయ, తొడిమ, కల్లం. ఎండకి తెల్లబడి పనికిరాకుండా పోయిన కాయని తాలు అంటారు. అందరూ తడుముకోకుండా చదివిన మొదటి మాట అదే. ఆ రోజంతా ఎవరు తప్పు చదివినా “తాలు, తాలు” అని పక్కకి తోసేవాళ్ళు. మానేసిన వాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. రాకపోయినా తప్పేది కాదు, ఆటో అదే గదా.

చేను దగ్గర దిగి, రోడ్డు దాకా నడిచి, బస్సులో ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయ్యేది. మోకాలికి ఆపరేషన్ చెయ్యాలని ఒంగోలులో డాక్టరు అప్పటికే చెప్పారు. కోతలు అయ్యాక చేయించుకుంటానన్నాను. మా ఆయన ఉప్మా చేసుకోవడం నేర్చుకున్నారు. “పింఛను తీసుకుంటూ కోతలకి పోయేది నువ్వొక్కదానివే,” అనేవారు. కానీ తెల్లవారుజామున నా కంటే ముందు లేచి, నా మోకాలికి నూనె రాసేవారు.

మేస్త్రికి గుణింతం తొందరగానే పట్టుబడింది. ఒత్తుల దగ్గర ఆగిపోయేది. ఆవిడకి ఐదో మాట ఇచ్చారు, దాహం గురించినది. చదవాల్సింది మూడు వాక్యాలు. అయినా ఒక్క ముక్క కూడా బట్టీ పట్టనంది. “బట్టీ పడితే దేవుడికి తెలుస్తది,” అంది. నాకు భయం వేసినా, ఒత్తులే మళ్ళీ మళ్ళీ రాసి తగిలించాను.

గుడ్ ఫ్రైడే ఇంక నాలుగు రోజులుందనగా చేను రైతు ఆటో దగ్గరికి వచ్చాడు.

“శుక్రవారం కూడా రావాల. మబ్బు పడుద్దంటున్నారు. కాయ చెట్టునే ఉంది.”

“శుక్రవారం తప్ప ఎప్పుడైనా వస్తాం బాబుగారూ. శనివారం చీకటితోనే దిగుతాం.”

“వాన నీ శనివారం దాకా ఆగుద్దా? ఒక్కపూట మానేస్తే మీ దేవుడేమన్నా అంటాడా?”

“ఆయన అనడు. నేనే ఊరుకోలేను.”

రైతు తప్పు కూడా లేదు. ఏడాది పంట చెట్టు మీద ఉంది. పై ఊరి నుంచి వేరే ముఠాని దించుకున్నాడు. మిగిలిన కోతలు కూడా వాళ్ళకే ఇచ్చాడు. మర్నాడు వేరే చేలు వెతుక్కుంటూ పోతున్న ఆటోలో ఎవరూ కేలండర్ వైపు చూడలేదు.

“నీ చదువుకి మా కూలి పోయిందక్కా,” అంది ఒకామె.

“నా కూలీ పోయింది గదే.”

“నువ్వు కోరుకున్నావు. మేం కోరుకోలేదు.”

మేస్త్రి ఆ మూడు రోజులూ ఎవరెవరినో బతిమాలి, అరెకరం, ఎకరం ముక్కల్లో వాళ్ళకి పని చూపించింది. మనుషులు ఎక్కువైన చోట తనే కూలి మానుకుంది. నేను ఆవిడతో, వచ్చే ఏడు చూద్దామా అన్నాను. “మీరు నలభై ఏళ్ళు చూశారుగా,” అంది. ఎగతాళిగా అనలేదు.

శుక్రవారం చర్చి నిండింది. ముఠా ఆడవాళ్ళు అందరూ వచ్చారు, కోపంగానే వచ్చారు. నాలుగు మాటలూ గబగబా అయిపోయాయి. మేస్త్రి లేచి, పుస్తకం బల్ల మీద పెట్టి, అక్షరాల కింద వేలు పెట్టుకుంది. మొదటి వాక్యం బాగానే నడిచింది. రెండోదానిలో ఒక ఒత్తు దగ్గర ఆగింది. సంఘ పెద్ద గడియారం చూశాడు. ఆ మాట ముఠాలో సగం మందికి వచ్చు, నాకు తెలుసు. ఒక్కరూ అందించలేదు. తనకి అందించొద్దని ముందే చెప్పి ఉంచిందట. కూలి పోయిందన్నావిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. మేస్త్రి ఆ మాట మొదటి అక్షరానికి వెనక్కి వెళ్ళి, కూడబలుక్కుని, చదివింది. తర్వాత మూడో వాక్యం. చివర చెప్పాల్సిన నాలుగు ముక్కలు చెప్పే ఓపిక లేక, “అంతేనండీ” అని వచ్చి కూర్చుంది.

తడబడకుండా అన్నారు కాబట్టి పెద్దలు గంటసేపు వాదించుకున్నారు. ఆగింది గానీ తప్పు చదవలేదని పాస్టరుగారు తేల్చారు. ఆయన రాని ఆదివారాలు ఆవిడకి ఇచ్చారు.

మోకాలి ఆపరేషన్ అయ్యి నేను మళ్ళీ నడిచి వెళ్ళగలిగిన మొదటి ఆదివారం ఆవిడదే. వెనక వరసలో కూర్చున్నాను. ఒక అధ్యాయానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. సగంలో కూలి పోయిందన్నావిడ ఉండబట్టలేక, “కొంచెం తొందరగా చదువక్కా, పొయ్యి మీద కూర పెట్టొచ్చాను,” అంది.

మేస్త్రి వేలు తియ్యకుండానే తలెత్తింది. “ఎళ్ళి దించుకుని రా. నువ్వొచ్చేసరికి ఇక్కడే ఉంటాను.”

ఆవిడ వెళ్ళి, దించుకుని వచ్చింది. అప్పటికి మేం ఐదు వాక్యాలే దాటాం.